రాత్రిపూట నాకొక్కడికే వినిపించే హోరు భ్రమేనా?

“రాత్రిళ్లు ఎక్కడి నుంచో సన్నగా హోరు వినిపిస్తోంది, ఇంట్లో ఇంకెవరికీ వినపడటం లేదు, ఇది నా భ్రమేనా?” అని అడిగారు. కాదు. ఇంత గట్టిగా ఎలా చెబుతున్నానంటే, కొన్నేళ్లుగా నేను ఆ హోరుతోనే కాపురం చేస్తున్నాను.

వీధి చివర ఎవరో లారీ ఇంజన్ ఆపకుండా వదిలేసి పోయినట్టు ఉంటుంది. పగలు తెలియదు. మిగతా చప్పుళ్లన్నీ సద్దుమణిగాక బయటపడుతుంది.

ఒక రాత్రి తిక్క పుట్టి మెయిన్ స్విచ్ కట్టేశాను. ఫ్యాన్ ఆగింది, ఫ్రిజ్ ఒక్క కుదుపు కుదిపి ఊరుకుంది. హోరు తగ్గకపోగా ఇంకా తేటగా వినబడింది. ఫోన్ లైటు వేసుకుని గదంతా తిరిగాను. మధ్యలో నిలబడితే దాదాపు లేదు. మూలకు వెళితే చెవులు దిబ్బడ వేసినట్టు ఒత్తిడి. కిటికీ అద్దానికి వేళ్లు ఆనిస్తే సన్నటి వణుకు. ఇంతలో మా ఆవిడ లేచి, “అర్ధరాత్రి గోడలకు చెవులు ఆనించి ఏం వింటున్నారండీ?” అంది. చెయ్యి పట్టుకుని మూలకు తీసుకెళ్లి నిలబెట్టాను. కాసేపు విని, “ఏమీ లేదు, ముందు ఫ్యాన్ వేయండి, ఉక్కపోస్తోంది” అని వెళ్లి పడుకుంది.

నాకు మాత్రం ఆ రాత్రే అనుమానం తీరిపోయింది. చెవిలో పుట్టిన మోతైతే నేను ఎటు వెళితే అటు రావాలి కదా! ఇలాంటి బండ శబ్దం, సెకనుకు 40 సార్లు కంపించేది (40 హెర్ట్జ్) అనుకుంటే, ఒక్కో అల పొడవు దాదాపు 8.5 మీటర్లు. గోడలకు తగిలి వెనక్కొచ్చి ఒకచోట రెట్టింపవుతుంది, ఇంకోచోట చల్లారిపోతుంది. అందుకే రెండడుగులు జరిగితే మారిపోతుంది.

ఫిర్యాదు చేస్తే ఒకాయన శబ్దం కొలిచే మీటరు పట్టుకుని వచ్చాడు, అదీ పట్టపగలు. అంతా పరిమితిలోనే ఉందని రాసుకుని వెళ్లిపోయాడు. ఆ మీటర్లను మామూలుగా ‘ఎ’ స్కేలు మీద పెడతారు. మనిషి చెవికి తగ్గట్టు లెక్క కడుతున్నామని, 50 హెర్ట్జ్ దగ్గర ఏకంగా 30 డెసిబెల్స్ కోసేస్తుందది. బండ శబ్దాలను అంతగా కోయని ‘సి’ స్కేలు మీద పెట్టి చూడండి సార్ అంటే, నన్ను ఎగాదిగా చూశాడు.

ఇయర్‌ప్లగ్స్ పెట్టుకోమనే మహానుభావులు ఇంకో రకం. అవి సన్నటి కీచు శబ్దాలను ఆపినంత బాగా ఈ బండ శబ్దాన్ని ఆపలేవు. పెట్టుకుంటే మిగతా ప్రపంచం పోయి హోరొక్కటే మిగులుతుంది.

అమెరికాలో కోకోమో అనే ఊరి జనాన్ని కూడా మొదట ఇలాగే తీసిపారేశారు. 2003లో నిపుణులను పెట్టి వెతికిస్తే ఒక ఫ్యాక్టరీ కూలింగ్ టవర్ నుంచి 36 హెర్ట్జ్, మరో చోట కంప్రెసర్ నుంచి 10 హెర్ట్జ్ శబ్దం దొరికాయి. వాటిని సరిచేశాక కూడా కొందరికి వినిపిస్తూనే ఉందట, అది వేరే సంగతి. కెనడాలోని విండ్సర్ వాళ్లు ఏళ్ల తరబడి మొత్తుకున్నారు. 2020లో నది అవతల ఉక్కు కొలుములు ఆగాయి, హోరూ ఆగింది. న్యూమెక్సికోలోని టావోస్‌లో మాత్రం 1990ల్లో శాస్త్రవేత్తలు వెతికినా ఏమీ దొరకలేదు. విన్నామన్నది నూటికి ఇద్దరే. ఆ టావోస్ కథ ఒక్కటి పట్టుకుని అందరినీ పిచ్చివాళ్లలా చూసేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. నన్నడిగితే ప్రతి హోరు వెనకా ఎక్కడో ఒక మోటారు తిరుగుతూనే ఉంటుంది.

మాది ఏ మోటారో ఇంకా దొరకలేదు. మంచాన్ని మూల నుంచి గది మధ్యకు లాగాను. నడవడానికి దారి లేదని ఇంట్లో రోజూ సణుగుడే కానీ నిద్ర పడుతోంది. మీరూ చెవులు ఒకసారి చూపించుకోండి, లోపం మీ చెవిలోనే ఉందని ఎవరూ అనకుండా ఉంటుంది. హోరు ఏ వేళకు మొదలై ఏ వేళకు ఆగుతోందో రాసి పెట్టుకోండి. మీటరు మనిషిని మాత్రం రాత్రే రమ్మనండి, ‘సి’ మీద పెట్టేదాకా వదలకండి.