దత్తత కోసం చందాలు సరే, ఆ డబ్బు ఎవరి చేతికి వెళ్తోంది?

ప్రశ్న: మాది తెనాలి. మా తమ్ముడు, మరదలు అమెరికాలో డల్లాస్ దగ్గర ఉంటారు. తమ్ముడికి అక్కడి పౌరసత్వం వచ్చింది, మరదలికి గ్రీన్ కార్డు ఉంది. పెళ్లయి పదకొండేళ్లయినా పిల్లల్లేరు. ఐవీఎఫ్‌లకే ఉన్నదంతా ఖర్చయిపోయింది. ఇప్పుడు ఇండియా నుంచి ఒక పాపను దత్తత తీసుకుందామనుకుంటున్నారు. అక్కడి ఏజెన్సీ ఫీజులు, ప్రయాణాలు అన్నీ కలిపి 40 వేల డాలర్ల దాకా అవుతుందట. అందుకని నేను వాట్సాప్ గ్రూపు పెట్టి బంధువుల దగ్గర డబ్బు పోగుచేస్తున్నాను. ఇప్పటికి నా ఖాతాలో 3 లక్షల 80 వేలు పడ్డాయి. అక్కడి స్నేహితులు కూడా ఆన్‌లైన్‌లో పేజీ పెట్టి సాయం అడుగుతామంటున్నారు. ఈలోగా మా ఊళ్లో ఒక నర్సింగ్ హోమ్ ఆయా వచ్చి, పెళ్లికాని అమ్మాయికి పుట్టిన ఆడపిల్ల ఉందని, ఖర్చుల కింద 4 లక్షలు ఇస్తే బర్త్ సర్టిఫికెట్ కూడా మా తమ్ముడి పేరు మీదే రాయిస్తామని చెప్పింది. పాప ఫొటో గ్రూపులో పెడితే అందరూ ముచ్చటపడ్డారు. దత్తత హోమం చేయించి రిజిస్టర్ చేస్తే చాలని మా అమ్మ అంటోంది. అదీ కాదంటే నీ రెండోవాణ్ణే తమ్ముడికి ఇచ్చెయ్యమంటోంది. చట్టప్రకారం ఏ దారి మంచిది? అసలు ఇలా డబ్బు పోగుచేయడం తప్పా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: డబ్బు పోగుచేయడం తప్పు కాదమ్మా. సొంత తమ్ముడి కోసం బంధువులను సాయం అడగకూడదని ఏ చట్టంలోనూ లేదు. కానీ మీ ఉత్తరంలో ఆయా చెప్పిన 4 లక్షల మాట ఉంది చూశారా, అది మాత్రం జైలుకు దారి. ముందుగా ఆ పాప ఫొటోను గ్రూపులోంచి తీసేయండి. ఎవరైనా స్టేటస్‌లో పెట్టుకున్నా, వేరే గ్రూపులకు పంపుకున్నా తీసేయమనండి. ఈ జవాబు పూర్తిగా చదివాక చేద్దామనుకోకండి, ఇప్పుడే చేయండి. సంరక్షణ అవసరమైన పిల్లల ఫొటోగానీ, వాళ్లెవరో తెలిసే వివరంగానీ బయటపెట్టకూడదని బాలల న్యాయ చట్టం (2015) 74వ సెక్షన్ చెబుతోంది. ఆర్నెల్ల దాకా జైలు, 2 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

ఇక ఆ ఆయా మాట. కన్నతల్లి పెళ్లికాని పిల్ల అయినా, ఎంత కష్టంలో ఉన్నా, బిడ్డను ఇచ్చే హక్కు ఆయాకు గానీ, నర్సింగ్ హోమ్‌కు గానీ లేదు. డబ్బు తీసుకుని బిడ్డను ఇచ్చినవాళ్లూ, ఇచ్చి తీసుకున్నవాళ్లూ ఇద్దరూ 81వ సెక్షన్ కింద నేరస్తులే. శిక్ష ఐదేళ్ల దాకా కఠిన కారాగారం, లక్ష రూపాయల జరిమానా. బిడ్డ బాధ్యత చేతిలో ఉన్నవాళ్లే ఆ పని చేస్తే, అంటే ఆస్పత్రి సిబ్బందీ అందులోకి వస్తారు, కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఏడేళ్లు. 'అమ్మకం కాదు, కాన్పు ఖర్చులు' అనే మాట కోర్టులో నిలబడదు. మీ తమ్ముడి పేరుతో రాయించే బర్త్ సర్టిఫికెట్ ఇంకో నేరం. అది దొంగ పత్రం. పైగా మీ మరదలి పాస్‌పోర్టులో ఆ నెలల్లో ఇండియాకు వచ్చిన ముద్రే ఉండదు. పాపను వాళ్లే కన్నారని చూపించబోతే అమెరికా కాన్సులేట్ వాళ్లు డీఎన్ఏ పరీక్ష అడుగుతారు. కథ అక్కడితో ఆగిపోతుంది.

ఆ అమ్మాయికి నిజంగా సాయం చేయాలనుకుంటే 1098కి ఫోన్ చేయండి, లేదా జిల్లా బాలల సంక్షేమ సమితికి చెప్పండి. పాపను ఇచ్చేయాలని తల్లి నిశ్చయించుకుంటే ఆ సమితి ముందు రాసి ఇవ్వాలి. రాసిచ్చాక కూడా మనసు మార్చుకోవడానికి ఆమెకు 60 రోజుల గడువు ఉంటుంది. అప్పటికీ మారకపోతే పాపను దత్తతకు అర్హురాలిగా ప్రకటిస్తారు. ఒకటి గుర్తుంచుకోండి: ఆ తర్వాత ఆ పాప కేంద్ర దత్తత సంస్థ 'కారా' నడిపే ఆన్‌లైన్ జాబితాలోకి వెళ్తుంది. వరసలో ముందున్నవాళ్లకు వస్తుంది. మీ తమ్ముడికే వస్తుందని ఆశ పెట్టుకోవద్దు. గ్రూపులో అందరూ ఇప్పటికే ముద్దుపేర్లు పెట్టేసుకుని ఉంటారని తెలుసు, అయినా ఈ మాట చెప్పక తప్పదు.

డబ్బు విషయంలో ఇంత పట్టింపు ఎందుకో మన తెలుగువాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. 1999లో, మళ్లీ 2001లో హైదరాబాద్‌లో బయటపడిన దత్తత కుంభకోణాలు పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటాయి. లంబాడా తండాల్లో పేద తల్లుల దగ్గర ఆడపిల్లలను కొద్దిపాటి సొమ్ముకు తెచ్చి, విదేశీ దంపతులకు అనాథలని చూపించి పంపేశారు. ఇలాంటివి జరగకూడదని సుప్రీంకోర్టు 1984లోనే లక్ష్మీకాంత్ పాండే కేసులో మార్గదర్శకాలు ఇచ్చింది. దేశాల మధ్య దత్తతల మీద 1993లో హేగ్‌లో కుదిరిన ఒప్పందంలో మన దేశం 2003లో చేరింది. అమెరికాలో అది 2008 నుంచి అమల్లో ఉంది. అందుకే మీ తమ్ముడి విషయంలో రెండు దేశాల చట్టాలూ ఒకేసారి పనిచేస్తాయి. ఇక్కడ సరిపోయినా అక్కడ సరిపోకపోతే పాప విమానం ఎక్కదు.

అమ్మగారి మాటకు వస్తే, హోమం, రిజిస్టర్డ్ దత్తత పత్రం హిందూ దత్తత చట్టం (1956) కింద చెల్లేవే. కానీ ఆ చట్టంలోనూ బిడ్డను ఇవ్వాల్సింది కన్నవాళ్లు, లేదా చట్టం ఒప్పుకున్న గార్డియన్. అందులోనూ 17వ సెక్షన్ డబ్బు పుచ్చుకోవడాన్ని నిషేధించింది. అలా దత్తత చేసుకున్న పిల్లలను విదేశాలకు తీసుకెళ్లడానికి కారా నుంచి ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) తెచ్చుకునే దారి 2022 దత్తత నియమాల్లో ఉందని కొందరు డాక్యుమెంట్ రైటర్లు ధైర్యం చెబుతుంటారు. దారి ఉన్న మాట నిజమే. అమెరికా ఇమిగ్రేషన్ నియమం మాత్రం అడ్డం తిరుగుతుంది. వాళ్ల తాత్కాలిక అనుమతి రాకముందే దత్తత పూర్తిచేసుకుంటే పాపను అక్కడికి రప్పించుకోవడానికి వేసే పిటిషన్ తిరస్కరిస్తారు. కన్నవాళ్లతో ముందే మాట్లాడుకున్నా అంతే, దగ్గరి బంధువుల దత్తతలాంటి కొన్నిటికి ఇందులో మినహాయింపు ఉంది. అంటే తెనాలి సబ్-రిజిస్ట్రార్ ఆఫీసులో తొందరపడి చేయించిన సంతకం డల్లాస్‌లో తలుపు మూసేస్తుంది. నా దగ్గరకు వచ్చే ఇలాంటి కేసుల్లో చాలావరకు ఈ తొందరపాటే కనిపిస్తుంది.

మరి మీ రెండో అబ్బాయి? మన బాలల న్యాయ చట్టంలో మేనమామ దగ్గరి బంధువే, బంధువుల మధ్య విదేశీ దత్తతకు అందులో 60వ సెక్షన్ ఉంది. కానీ అమెరికా నియమం ప్రకారం తల్లిదండ్రులిద్దరూ బతికి ఉంటే, బిడ్డను సరిగా పెంచలేని స్థితిలో ఉన్నారని రుజువు కావాలి. మీరూ మీవారూ వాణ్ణి చక్కగా పెంచుకుంటున్నారు, అదే అడ్డు. ఇంతకీ వాడికి ఎన్నేళ్లో మీరు రాయలేదు. ఆరేళ్లు దాటి ఉంటే ఈ మాట వాడి ముందు అనుకోకండి.

సరైన దారి అమెరికాలో మొదలవుతుంది. కారా గుర్తింపు ఉన్న విదేశీ దత్తత ఏజెన్సీ ద్వారా మీ తమ్ముడు దరఖాస్తు చేయాలి. ఒక సోషల్ వర్కర్ వాళ్ల ఇంటికి వచ్చి, ఆదాయం, ఆరోగ్యం, దాంపత్యం అన్నీ చూసి హోమ్ స్టడీ రాస్తారు. ఐ-800ఏ అనే ఫారంతో ఇమిగ్రేషన్ ఆమోదం తీసుకున్నాక ఏజెన్సీ ఆ పత్రాలను కారాకు పంపుతుంది. ఎన్ఆర్ఐలకు, ఓసీఐలకు (విదేశీ పౌరసత్వం తీసుకున్న మనవాళ్లకు) మిగతా విదేశీయుల కంటే ప్రాధాన్యం ఉంటుంది. పాప వివరాలు, వైద్య నివేదిక వచ్చాక, నచ్చితే ఆ పాప కోసం ఐ-800 అనే ఇంకో ఫారం, కారా ఎన్ఓసీ, ఆపైన జిల్లా కలెక్టర్ ఉత్తర్వు. 2022 సెప్టెంబర్ నుంచి ఈ ఉత్తర్వులు కోర్టు కాకుండా కలెక్టరే ఇస్తున్నారు. రెండు నెలల్లో తేల్చాలని చట్టం. పాప అమెరికాలో దిగిన రోజునే తండ్రి పౌరసత్వం వల్ల తానూ పౌరురాలవుతుంది. వయసు కూడా లెక్క చూసుకోమనండి: రెండేళ్లలోపు పాప కావాలంటే దంపతులిద్దరి వయసులు కలిపి 85 దాటకూడదు. ఈ దారిలో ఏళ్లు పడుతుంది, అబద్ధం చెప్పను.

ఇది చదువుతున్న మరో పాఠకుడికి ఒక మాట: భార్యాభర్తలిద్దరూ హెచ్-1బీ మీదో, గ్రీన్ కార్డు మీదో ఉంటే ఐ-800ఏ వేయలేరు. ఒక్కరైనా పౌరులై ఉండాలి. పౌరసత్వం వచ్చేదాకా ఏజెన్సీకి ఫీజు కట్టకండి.

ఇప్పుడు మీ ఖాతాలోని 3 లక్షల 80 వేలు. కలెక్టర్ ఉత్తర్వు ఇచ్చే ముందు బాలల న్యాయ చట్టం 61వ సెక్షన్ ప్రకారం ఒక విషయం తేల్చుకోవాలి: నియమాల్లో రాసిన ఫీజు, సంరక్షణ నిధి తప్ప ఎవరూ ఎవరికీ దత్తత కోసం డబ్బు ఇవ్వలేదు, ఇస్తామనలేదు. కాబట్టి పోగైన సొమ్ము రసీదు ఇచ్చే చోటికే వెళ్లాలి. ఏజెన్సీ ఫీజు, ఇమిగ్రేషన్ ఫీజు, హోమ్ స్టడీ, టికెట్లు, ఇవన్నీ మీ తమ్ముడి సొంత ఖర్చులు, చూపించుకోవచ్చు. మన బంధువుల్లో ఎవరో ఒకరు తప్పకుండా అంటారు, 'ఆ శిశుగృహకు నాలుగు ఫ్యాన్లు, ఆ వార్డెన్‌కు ఒక చీర పెడదాం' అని. వద్దు. మనసు మంచిదే కానీ ఉత్తర్వు రాకముందు ఫ్యాన్ కూడా ప్రతిఫలంలా కనిపిస్తుంది. అమెరికా స్నేహితులు నేరుగా ఇక్కడి సంస్థకు డాలర్లు పంపితే, విదేశీ విరాళాల చట్టం రిజిస్ట్రేషన్ లేని సంస్థ అయితే వాళ్లకూ చిక్కే.

ఆదాయపు పన్ను సంగతి. పెళ్లి చదివింపులకు పన్ను లేదు, దత్తతకు ఆ మినహాయింపు లేదు. మీ బాబాయి, మేనత్త, మేనమామ ఇచ్చింది ఎంతైనా పన్ను పడదు, వాళ్లు చట్టం దృష్టిలో బంధువులు. పెద్దమ్మ కొడుకు మాత్రం కాదు! మనకు అన్నయ్యే, పన్ను శాఖకు పరాయివాడు. అలాంటివాళ్లూ, స్నేహితులూ ఇచ్చింది ఏడాదిలో కలిపి 50 వేలు దాటితే మొత్తం ఆదాయంగా లెక్కిస్తారు. డబ్బు మీ ఖాతాలో ఉంటే ఎవరిది, ఎందుకు వచ్చిందో చూపించే బాధ్యత మీది. అందుకని మీ జీతం పడే ఖాతాలో కలపకుండా వేరే ఖాతా తెరవండి. ఎవరెంత వేశారో నోట్‌బుక్‌లో రాసి, గ్రూపులో నెలకోసారి పెట్టండి. తర్వాత అక్కగా మీరు తమ్ముడి ఎన్ఆర్ఓ ఖాతాకు (విదేశాల్లో ఉండేవాళ్లు ఇక్కడి బ్యాంకులో పెట్టుకునే రూపాయల ఖాతా) గిఫ్ట్‌గా వేయవచ్చు, లేదా బ్యాంకు ద్వారా డాలర్లలో పంపవచ్చు. పంపే ముందు మీ ఆడిటర్‌కు ఆ నోట్‌బుక్ చూపించండి.

గ్రూపులో ఈ మాట పెట్టండి, నేనే రాసిస్తున్నాను: 'ఈ డబ్బు తమ్ముడు, మరదలు దత్తత దరఖాస్తుకు పెట్టే ఖర్చుల కోసం మాత్రమే. ఏ బిడ్డ కోసమూ ఎవరికీ ఇవ్వడం లేదు. ముందు పెట్టిన ఫొటో పొరపాటు, దయచేసి అందరూ తీసేయండి. రెండేళ్లలో దత్తత కుదరకపోతే ఖర్చుకాని సొమ్ము వేసినవాళ్లకు వేసినంత నిష్పత్తిలో తిరిగి ఇస్తాం.' ఈ చివరి వాక్యం ముఖ్యం. ఒక పని చెప్పి పోగుచేసిన డబ్బును ఇంకో పనికి వాడితే, రేపు గ్రూపులోని ఎవరైనా నమ్మకద్రోహం కేసు పెట్టగలరు. ఇప్పటికే వేసినవాళ్లలో ఆ పాప కోసమే ఇచ్చామనేవాళ్లుంటే వాళ్లకు వెనక్కి ఇచ్చేయండి.

అక్కడి ఆన్‌లైన్ పేజీకీ ఇదే పద్ధతి. పిల్లల ఫొటో వద్దు, పేరు వద్దు, రాష్ట్రం పేరు కూడా వద్దు. మీ తమ్ముడి దంపతుల ఫొటో పెట్టుకోమనండి. అక్కడి తెలుగు సంఘం ద్వారా ఇస్తే పన్ను మినహాయింపు వస్తుందని ఎవరైనా చెబితే నమ్మకండి, ఫలానా కుటుంబానికే అని ఇచ్చే విరాళానికి అమెరికాలో ఆ మినహాయింపు ఉండదు. దానికి బదులు మీ తమ్ముడికే దత్తత టాక్స్ క్రెడిట్ (కట్టాల్సిన పన్నులోంచి తగ్గింపు) అని ఒకటి ఉంది, 2025కి గరిష్ఠంగా 17,280 డాలర్లు. విదేశీ దత్తతలో అది ఉత్తర్వు వచ్చి దత్తత పూర్తయిన ఏడాదే మొదలవుతుంది కాబట్టి ఇప్పటి నుంచే రసీదులు దాచమనండి.

40 వేల డాలర్ల అంచనాలో ఒకటి మరిచిపోతారు చాలామంది. పాప ఇంటికి వచ్చాక రెండేళ్లపాటు ఏజెన్సీ సోషల్ వర్కర్ వచ్చి చూసి కారాకు రిపోర్టు పంపాలి, మొదటి ఏడాది మూడు నెలలకొకటి, రెండో ఏడాది ఆర్నెల్లకొకటి. మొత్తం ఆరు. వాటికి ఏజెన్సీ విడిగా ఎంత తీసుకుంటుందో సంతకం పెట్టకముందే రాతపూర్వకంగా అడగమనండి.