వ్యాపారుల మాట ప్రభుత్వం దాకా చేరేదెలా?

ప్రశ్న: నేను సభ్యత్వం తీసుకున్న స్థానిక వర్తక సంఘం ఏటా చందా వసూలు చేస్తుంది. మా తరఫున ప్రభుత్వంతో మాట్లాడుతున్నామని కార్యవర్గం చెబుతుంది గానీ, ఏడాది చివర నివేదికలో కనిపించేవి మంత్రులతో, అధికారులతో దిగిన ఫొటోలే. ఒక స్థానిక సంఘం ప్రభుత్వం ముందు నిజంగా చేయగలిగిన పని ఏమిటి? అది జరుగుతోందో లేదో సభ్యులకు ఎలా తెలుస్తుంది?

జవాబు: మీ సందేహం న్యాయమైనదే. ఫొటో దిగేది సాధారణంగా పని ముగిసే దశలో; ఒక్కోసారి పని మొదలు కాకముందే దిగేస్తారు. అసలు పని నిబంధన ఇంకా ముసాయిదాగా ఉన్నప్పుడు జరగాలి. చట్టసభలు ఆమోదించే చట్టాల కన్నా, వాటి కింద అధికారులు రూపొందించే నియమాలు, ఉత్తర్వులు, స్థానిక సంస్థల తీర్మానాలే చిన్న వ్యాపారిని రోజూ తాకుతాయి. లైసెన్సు రుసుము, తనిఖీల పద్ధతి, బోర్డుల కొలతలు, సరుకు దింపుకునే వేళలు అక్కడే నిర్ణయమవుతాయి. ఇలాంటి ముసాయిదాలను ముందుగా ప్రకటించి అభిప్రాయాలు కోరాలన్న నియమం పలు దేశాల్లో ఉంది. అమెరికాలో 1946 నాటి పరిపాలనా విధాన చట్టం కేంద్ర ప్రభుత్వ సంస్థలపై సాధారణంగా ఈ బాధ్యత పెట్టింది. భారత కేంద్ర ప్రభుత్వం 2014లో ప్రకటించిన ముందస్తు సంప్రదింపుల విధానం ప్రకారం ముసాయిదా కనీసం 30 రోజుల పాటు ప్రజల ముందు ఉండాలి. విధానం ఉన్నంత మాత్రాన ప్రతిసారీ అమలవుతుందని కాదు గానీ, ఆ గడువు తేదీలను గమనిస్తూ ఉండే మనిషి ఒక్కరైనా లేని సంఘం, ఉత్తర్వు వెలువడిన తర్వాత ధర్నాకు దిగడం తప్ప మరేమీ చేయలేని స్థితిలో పడుతుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. ప్రధాన రహదారిపై ఉదయం 8 గంటల నుంచి రాత్రి 9 గంటల వరకు సరుకు వాహనాలు ఆగరాదని ఒక పురపాలక సంఘం ముసాయిదా ప్రకటించిందనుకోండి. ‘ఈ నిర్ణయం వల్ల వ్యాపారులు తీవ్రంగా నష్టపోతారు, కావున రద్దు చేయవలసిందిగా కోరుతున్నాము’ అని రాసిన వినతిపత్రం ఫైల్లో మరో కాగితమై కూర్చుంటుంది, ఎందుకంటే దాన్ని చదివిన అధికారి చేయడానికి అందులో ఏమీ లేదు. అదే సంఘం ఒక వారం పాటు సభ్యుల దుకాణాల ముందు ఏ వాహనం ఎన్నింటికి వచ్చింది, ఎంతసేపు ఆగింది, ఏ సరుకు దింపింది అన్నది పట్టికలో రాయించి, రద్దీ పెరిగే వేళలను పక్కనే చూపి, ‘ఉదయం 8’ అన్నచోట ‘ఉదయం 10’ అని, ‘ఆగరాదు’ అన్నచోట ‘20 నిమిషాలకు మించి ఆగరాదు’ అని మార్చవచ్చంటూ ఆ నిబంధన సంఖ్యతో సహా రాసి ఇచ్చిందనుకోండి. ఆ అధికారికి తన పై అధికారి ముందు పెట్టగల ప్రతిపాదన ఒకటి చేతికి అందినట్టే. రాకపోకల ఇబ్బంది తీర్చాలన్న ప్రభుత్వ ఉద్దేశం అందులో దెబ్బతినలేదు, వ్యాపారి సరుకూ ఆగలేదు. మార్పు జరుగుతుందన్న హామీ అప్పుడు కూడా ఉండదు. కాని తిరస్కరించాలంటే కారణం వెతుక్కోవలసింది అవతలివారే.

ఎవరిని కలవాలన్న విషయంలోనూ చాలా సంఘాలు పొరబడతాయి. నేరుగా మంత్రిని కలిస్తే పని తొందరగా అవుతుందని నమ్ముతారు. మంత్రి వినతిపత్రం అందుకుని, దానిమీద ‘పరిశీలించండి’ అని రాసి పంపిస్తారు. ఆ కాగితం మెట్టు మెట్టు దిగి చివరకు చేరేది ఆ విషయంపై నోటు తయారుచేసే సెక్షన్ బల్ల మీదికే. ఆ బల్ల దగ్గర కూర్చున్న ఉద్యోగికి సంఘం ఎవరో, దాని లెక్కలు ఎంత నమ్మదగినవో ముందే తెలిసి ఉంటే ఆ నోటు ఒక రకంగా ఉంటుంది, తెలియకపోతే మరో రకంగా ఉంటుంది. అంటే పైవారిని కలవనక్కర లేదని కాదు. రెండు శాఖల మధ్య తగువుగా మారిన అంశాన్నీ, బడ్జెట్లో నిధులు కావలసిన అంశాన్నీ కింది స్థాయిలో ఎవరూ తేల్చలేరు.

ఇక మీరు అడగవలసినవి: గడిచిన ఏడాదిలో సంఘం ఏ ముసాయిదాలకు రాతపూర్వకంగా అభిప్రాయం పంపింది, ఆ ప్రతులు, అందినట్టు ఇచ్చిన రసీదులు ఎక్కడ ఉన్నాయి, తుది ఉత్తర్వులో ఏ వాక్యం మారింది? సర్వసభ్య సమావేశంలో ఈ మూడూ అడగండి. అడిగిన దాంట్లో సగం కూడా దక్కలేదని కార్యవర్గం కాగితాలతో చెబితే దాన్ని వైఫల్యంగా చూడకండి. ఎందుకంటే అడిగినదంతా దక్కే సంప్రదింపులు అరుదు.

ప్రశ్న: మా సంఘంలో పెద్ద విక్రయశాలలూ ఉన్నాయి, ఒక్క మనిషి నడిపే చిన్న దుకాణాలూ ఉన్నాయి. పని వేళలు పెంచాలని వారు, వద్దని మేము. అలాంటప్పుడు సంఘం ఎవరి మాట చెప్పాలి?

జవాబు: ఎక్కువ చందా కట్టేవారి మాట చెప్పడం తేలిక, ఆ తేలికదనంలోనే సంఘాలు చీలిపోతాయి. సభ్యుల అభిప్రాయం రహస్యంగా, ఒక్కో సంస్థకు ఒక్కో ఓటు చొప్పున సేకరించి, స్పష్టమైన మొగ్గు కనిపిస్తే దాన్ని సంఘం వైఖరిగా తీసుకోవచ్చు. మొగ్గు లేకపోతే రెండు వాదనలనూ ఉన్నవి ఉన్నట్టుగా ప్రభుత్వానికి రాసి ఇవ్వడం గౌరవంగా ఉంటుంది, మౌనంగా ఉండిపోవడమూ తప్పు కాదు. తప్పయ్యేది, భిన్నాభిప్రాయం ఉందన్న సంగతి దాచి ‘సభ్యులందరి కోరిక’ అని రాయడం. కాదనే సభ్యుడొకరు మరునాడే అదే అధికారికి వేరే లేఖ ఇస్తే, సంఘం ఆ తర్వాత ఇచ్చే లెక్కలను కూడా ఎవరూ నమ్మరు. చిన్న వ్యాపారుల కోసం సంఘంలోనే విడిగా ఉపసంఘం ఏర్పాటు చేయమని అడగండి. నియమాల భారం చిన్న సంస్థలపై వేరుగా పడుతుందన్నది ప్రభుత్వాలకు కొత్త సంగతేమీ కాదు. తాము తెచ్చే నియమాలు చిన్న సంస్థలపై ఎలాంటి ప్రభావం చూపుతాయో సంబంధిత శాఖలు పరిశీలించాలని అమెరికా 1980లోనే ఒక చట్టం చేసింది.

ప్రశ్న: ఒకే రంగంలో పోటీ పడేవాళ్లం కలిసి కూర్చుని ప్రభుత్వానికి వినతిపత్రం ఇవ్వడం చట్టరీత్యా చిక్కు తెచ్చిపెట్టదా?

జవాబు: వినతిపత్రం ఇవ్వడం చిక్కు కాదు. పోటీదారులు కలిసి చట్టం మార్చమని ప్రభుత్వాన్ని కోరడం గుత్తాధిపత్య నిరోధక చట్టం కిందికి రాదని అమెరికా సుప్రీంకోర్టు 1961లోనే తీర్పు చెప్పింది. చిక్కంతా అదే సమావేశంలో, వినతిపత్రం సంగతి అయిపోయి అందరూ టీ తాగుతున్నప్పుడు, ‘ఇంతకంటే తక్కువకు ఎవరం అమ్మకుండా ఉందాం’ అని ఎవరో ఒకరు అనడంతో మొదలవుతుంది. భారతదేశంలో 2002 నాటి కాంపిటీషన్ చట్టం 3వ సెక్షన్ వ్యాపార సంఘాల నిర్ణయాలకు కూడా వర్తిస్తుంది. ధరలు, మార్కెట్ పంపకాల ప్రస్తావన రాగానే అధ్యక్షుడు ఆపించి, ఆపినట్టు మినిట్స్‌లో నమోదు చేయించాలి.

ప్రశ్న: సంఘం సాధించిన మినహాయింపు చందా కట్టనివారికీ దక్కుతోంది. మరి మేమెందుకు కట్టాలి?

జవాబు: ఉత్తర్వు అందరికీ వర్తించేది కనుక ఈ ఇబ్బంది తప్పదు. 1599లో మార్సెయ్ నగరంలో తొలి వాణిజ్య మండలి వెలసిన ఫ్రాన్సులోనూ, జర్మనీ, ఆస్ట్రియాల్లోనూ వాణిజ్య మండళ్లను చట్టమే ఏర్పాటు చేసి, సంస్థలకు అందులో చేరికను తప్పనిసరి చేసింది. స్వచ్ఛంద సభ్యత్వం ఉన్నచోట్ల సంఘాలు శిక్షణ, న్యాయ సలహా, బృంద బీమా వంటి సేవలను సభ్యులకే పరిమితం చేసి నెట్టుకొస్తున్నాయి. మీ సంఘం అవేవీ ఇవ్వకపోతే ఇవ్వమని గట్టిగా అడగండి.

ప్రశ్న: ఎన్నికల సమయంలో సంఘం ఒక అభ్యర్థికి బహిరంగంగా మద్దతు ఇస్తే తర్వాత పనులు సులువవుతాయని కొందరు సభ్యులు అంటున్నారు. ఇది సరైనదేనా?

జవాబు: నా ఉద్దేశంలో స్థానిక సంఘానికి ఇది నష్టపు బేరం. మీరు బలపరిచినవారు ఓడితే గెలిచినవారి వద్ద తలుపు మూసుకుంటుంది. గెలిస్తే మీ వాదన ఎంత బలమైనదైనా దాన్ని లెక్కల బట్టి కాక పాత మేలుకు బదులుగా చూస్తారు. అది విన్న అధికారులు కూడా జంకుతారు. పైగా సంఘాల నిధులు ఎన్నికలకు వాడటంపై చాలా దేశాల్లో ఆంక్షలో, వెల్లడి నియమాలో ఉన్నాయి కనుక ముందు మీ ఆడిటర్‌ను అడగాలి. అంతకన్నా, వ్యాపారులకు సంబంధించిన నాలుగైదు ప్రశ్నలు తయారుచేసి అభ్యర్థులందరికీ ఒకే రోజు పంపి, వచ్చిన జవాబులను ఒక్క అక్షరం మార్చకుండా సభ్యులకు అందించండి. జవాబు ఇవ్వనివారి పేరు ఎదురుగా ఆ గడిని ఖాళీగా వదిలేయండి. గెలిచినవారిని మొదటిసారి కలిసేటప్పుడు వారి సంతకం ఉన్న ఆ జవాబు ప్రతినే వెంట తీసుకెళ్లండి.