సెన్సర్లు తెప్పించే ముందు ఇది చదువు

వినయ్,

నీ ప్రాజెక్ట్ ప్లాన్ చదివాను నాన్నా. ఆసుపత్రి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో పాత స్క్రీన్, కొత్త స్క్రీన్, ఏది వాడితే మెదడుకి భారం ఎక్కువో కొలవాలనుకోవడం బాగుంది. కానీ తల మీద ఎలక్ట్రోడ్లు పెట్టి మెదడు విద్యుత్తుని కొలిచే ఈఈజీ, కంటి చూపునీ పాపనీ గమనించే ఐ ట్రాకర్, స్మార్ట్ వాచ్, వేళ్లకి చెమట సెన్సర్, అన్నీ ఒకేసారి పెట్టేస్తానంటున్నావు, అక్కడ ఆగు. ఒళ్లంతా వైర్లు తగిలించుకున్న మనిషి మామూలుగా పని చెయ్యడు, ఆ టెన్షనే నీ గ్రాఫ్‌లో కనబడుతుంది.

ఏ సిగ్నలూ "ఇది భారం" అని చెప్పదు, ఏదో మారిందని మాత్రం చెబుతుంది. కంటిపాపనే తీసుకో. 1964లో హెస్, పోల్ట్ అనే ఇద్దరు మనసులో గుణకారాలు చేయించి, లెక్క కష్టమయ్యేకొద్దీ పాప పెద్దదవుతుందని చూపించారు. 1966లో కానెమన్, బీటీ అంకెలు గుర్తుపెట్టుకోమన్నప్పుడూ అంతే. నిజమే, కానీ ఆ మార్పు మామూలుగా అర మిల్లీమీటరు లోపే ఉంటుంది, అదే వెలుగు మారితే పాప 2 నుంచి 8 మిల్లీమీటర్ల దాకా మారగలదు. నీ పాత స్క్రీన్ ముదురు నీలం, కొత్తది తెలుపు అన్నావు కదా? చీకటి స్క్రీన్ ముందు పాప ఎలాగూ పెద్దదవుతుంది, "పాతదే కష్టం" అని తేలిపోతుంది, నువ్వు సంబరపడతావు! అందుకని రెండు స్క్రీన్ల వెలుగూ సమానం చెయ్యి, కిటికీ తెరలు వెయ్యి.

మిగతావాటికీ ఇలాంటి చిక్కులే. భారం పెరిగితే గుండె బీట్‌కీ బీట్‌కీ మధ్య వ్యవధిలో హెచ్చుతగ్గులు తగ్గుతాయి, అయితే మాట్లాడితే శ్వాస మారి అదీ మారుతుంది, కాబట్టి పని చేస్తూ ఆలోచనలు పైకి చెప్పమనకు. చెమట సెన్సర్ క్లిక్ జరిగిన 1 నుంచి 3 సెకన్ల తర్వాతే స్పందిస్తుంది, ఏసీ చలికి మొద్దుబారుతుంది. ఈఈజీ పెడితే ముందురోజే తలస్నానం చేసి నూనె రాయకుండా రమ్మను, కొబ్బరినూనె తల మీద ఎలక్ట్రోడ్ సరిగా ఆనదు.

నన్నడిగితే డబ్బు ఖర్చు లేనివాటితో మొదలుపెట్టు. కీల మధ్య విరామాలు, బ్యాక్‌స్పేస్‌లు, మౌస్ తడబాట్లు, తప్పులు. ఏ కీ నొక్కారో దాచకు, ఎప్పుడు నొక్కారో చాలు, లేకపోతే పాస్‌వర్డ్‌లూ రోగుల పేర్లూ నీ ఫైల్లోకి వచ్చేస్తాయి. ఇంకో విండోకి వెళ్తే ధ్యాస చెదిరిందని రాసేస్తావేమో, ఇన్సూరెన్స్ నంబర్ చూసుకోవడానికి వెళ్లడం కూడా పనే కదా.

పని ఎంత భారంగా అనిపించిందో మనిషినే అడిగే నాసా-టీఎల్ఎక్స్ ప్రశ్నల్ని చిన్నచూపు చూడకు. హార్ట్, స్టేవ్‌ల్యాండ్ 1988లో ఇచ్చిన ఆ ఆరు ప్రశ్నలు పని అవగానే, అక్కడే అడుగు, సాయంత్రం కాదు. టైము రెండు స్క్రీన్లకీ ఒకటే వచ్చి ప్రశ్నల్లో మాత్రం ఒకటి భారం అన్నారనుకో, డేటా పాడైందని పారెయ్యకు. మనిషి ఎక్కువ కష్టపడి వేగం నిలబెట్టుకుని ఉండొచ్చు. నాకు అసలు ఆసక్తి అలాంటి చోటే.

పాత స్క్రీన్ వాళ్లకి ఏళ్ల తరబడి అలవాటు. కొత్తదాని మీద ముందు బాగా ప్రాక్టీస్ ఇవ్వకపోతే నువ్వు కొలిచేది స్క్రీన్‌ని కాదు, కొత్తదనాన్ని. సగం మందికి పాతది ముందు, సగం మందికి కొత్తది ముందు ఇవ్వు. మనిషిని ఇంకో మనిషితో పోల్చకు, ఒక్కొక్కరినీ ఖాళీగా కూర్చోబెట్టి తీసిన వాళ్ల సొంత కొలతతోనే పోల్చు.

ముందు ఇద్దరు ముగ్గురు ఫ్రెండ్స్ మీద నడిపి ఫైళ్లు నాకు పంపు. గ్రాఫ్‌లు వద్దు, ముడి ఫైళ్లే పంపు. వాచ్ గడియారం, కంప్యూటర్ గడియారం ఒకటే టైము చూపిస్తున్నాయో లేదో ముందు అది చూద్దాం.

మామయ్య