మనసు వద్దంటోంది, కారణం చెప్పలేకపోతున్నాను

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లెటూరు. నా వయసు 47. కొంతకాలంగా తెల్లవారుజామున ఇంటి వెనుక కాలువ రేవు మెట్ల మీద కూర్చుంటున్నాను. కొన్ని క్షణాలపాటు నీరు, వెలుగు, నేను వేరు కాదనిపిస్తుంది. అన్నయ్య కలలోకి వచ్చిన మర్నాడే ఆయనను ఆసుపత్రిలో చేర్చారని కబురు అందింది. ఈ మధ్య మా అమ్మాయి పెళ్లిచూపులలో నా గుండె బరువెక్కి, ఈ సంబంధం వద్దనిపించింది. కారణం అడిగితే చెప్పలేకపోతున్నాను. మావారు చాదస్తమంటున్నారు. నా మనసును నమ్మవచ్చా?

జవాబు: అమ్మా, మీరు రెండు సంగతులను ఒకే ముడి వేసి అడిగారు. రేవు మీద మీకు కలుగుతున్న అనుభవం జబ్బూ కాదు, చాదస్తమూ కాదు. రోజూ ఒకే వేళకు, ఒకే చోట మౌనంగా కూర్చునే మనిషికి ‘నేను’ అనే పట్టు కాసేపు సడలుతుందని ఎన్నో సంప్రదాయాల సాధకులు చెప్పారు. దానిని అలాగే ఉండనివ్వండి. అది జరగబోయేది చెప్పాలని ఎదురుచూడడం మొదలుపెడితే ప్రశాంతత పోయి, శకునాలు వెతికే ఆత్రుత మిగులుతుంది. పతంజలి సైతం యోగసూత్రాల విభూతిపాదంలో అసాధారణ శక్తులను వర్ణిస్తూనే, అవి ధ్యానంలో కలిగే సమాధి స్థితికి అడ్డంకులని హెచ్చరించాడు. అన్నయ్య కలలోకి వచ్చి, మర్నాడు ఏ కబురూ రాని రాత్రులు మనకు గుర్తుండవు గనుక, ఆ ఒక్క కల మీద ఏదీ నిర్ణయించుకోకండి.

పెళ్లిచూపుల నాటి బరువు వేరు. కొబ్బరి దింపు తీసే మనిషి గెల దగ్గరకు చేరి, కాయను తట్టి, ఏది కోయాలో ఏది ఉంచాలో క్షణంలో తేల్చేస్తాడు. ఎలా తెలిసిందని అడిగితే చెప్పలేడు. ఏళ్ల తరబడి చేతికీ చెవికీ పట్టుబడిన గుర్తింపు అది. 1978లో అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతి పొందిన హెర్బర్ట్ సైమన్ కూడా స్ఫురణ అంటే అనుభవం వల్ల కలిగే గుర్తింపేనని వివరించాడు. ఇన్నేళ్లు సంసారం చేసి, పదిమంది మాటతీరు చూసిన మీ మనసు ఆ సాయంత్రం ఏదో గమనించి ఉండవచ్చు. అయితే కూతురు దూరమవుతుందన్న బెంగ కూడా గుండెను అలాగే బరువెక్కిస్తుంది. భయం పదేపదే వాదిస్తుందనీ, స్ఫురణ ఒక్కసారి చెప్పి ఊరుకుంటుందనీ అంటారు. కొంతవరకు నిజమే గాని, ఒక పెళ్లిని తేల్చడానికి ఆ తేడా చాలదు.

రేపు రేవు మీద కూర్చున్నప్పుడు, పీల్చే ఊపిరి కంటే విడిచే ఊపిరిని కాస్త పొడిగించండి. గుండె వేగం తగ్గుతుంది. అప్పుడు, వారు వాకిట్లో చెప్పులు విడిచింది మొదలు కాఫీ గ్లాసులు తీసేవరకు జరిగినదంతా వరుసగా తలచుకోండి. బరువు ఎక్కడ మొదలైంది? అబ్బాయిని అడిగిన ప్రతి ప్రశ్నకూ తల్లే జవాబు చెప్పినప్పుడా, ఉద్యోగం మాట ఎత్తగానే తండ్రి చూపు తిప్పుకున్నప్పుడా, లేక వారింకా రాకముందే, అమ్మాయి పట్టుచీర కట్టుకుని గదిలోంచి వచ్చినప్పుడా? చివరిదైతే అది మీ బెంగే, దానికి అబ్బాయిని తప్పుపట్టకండి. మొదటి రెండింటి వంటిదైతే, ‘నాకెందుకో అనిపిస్తోంది’ అని ఆపేయకుండా, ఫలానా మాట దగ్గర అనుమానం కలిగిందని మీవారికి చెప్పి, తాంబూలాలు పుచ్చుకునేలోగా ఉద్యోగం చోటా, ఊళ్లోనూ వాకబు చేయించమని అడగండి. కారణం చూపితే ఆయన వినే అవకాశం ఎక్కువ.

ఒకవేళ నిద్ర కరువైనా, ఏవో గొంతులు మిమ్మల్ని ఆజ్ఞాపిస్తున్నట్టు వినిపించినా ఆలస్యం చేయక మానసిక వైద్యులను కలవండి; ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీ మానస్ నంబరు 14416కు ఉచితంగా ఫోను చేయవచ్చు.

మీ ఉత్తరంలో అమ్మాయి ఏమనుకుంటున్నదో ఒక్క మాటైనా లేదు. మీ అభిప్రాయం ముందుగా బయటపెట్టకుండా, ఆమెను ఒంటరిగా కూర్చోబెట్టుకుని అడగండి. ఆమెకు నచ్చి ఉంటే, మీరు గమనించినది ఆమె ముందుంచి నిర్ణయం ఆమెకే వదలండి. ఆమెకూ మనసొప్పకపోతే, తల్లీకూతుళ్లిద్దరూ కలిసే మీవారితో మాట్లాడండి.