చీకో వెళ్తున్న మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీర్వదించి వ్రాయునది.

వచ్చే నెల శాక్రమెంటో నుంచి 90 మైళ్ళు ప్రయాణించి కాలిఫోర్నియాలోని చీకో ఊళ్ళో ఉన్న సియెర్రా నెవాడా బ్రూవరీకి, అంటే బీరు తయారుచేసే సంస్థకి, వెళ్తున్నావనీ, దాని వ్యవస్థాపకుడు కెన్ గ్రాస్‌మన్‌ గారిని కలిసే వీలు చిక్కవచ్చనీ, ఆయనతో ఏం మాట్లాడాలో తోచడం లేదనీ రాశావు. బీరు రుచి ఎరుగని నన్ను అడిగావని తెలిస్తే మీ అమ్మ నవ్వుతుంది. అయినా ముప్ఫై ఏళ్ళు డెయిరీ ట్యాంకుల మధ్య గడిపినవాణ్ణి కాబట్టి ఆయన పనిలో సగం నాకు తెలిసినదే.

ముందు ఆ సగం గురించే అడుగు. 1980 నవంబరులో ఆయన తొలి స్టౌట్ (నల్లటి బీరు) కాచేనాటికి చిన్న బ్రూవరీకి సరిపడే సామగ్రి అమెరికాలో సులువుగా దొరికేది కాదు. అందువల్ల పాత డెయిరీ పరికరాలు కొని తెచ్చి, వెల్డింగ్ నేర్చుకుని, వాటిని తన అవసరానికి తగ్గట్టు మార్చుకున్నారు. పాలనైనా బీరునైనా చెడగొట్టేది కడగడంలో అశ్రద్ధే. ఒక గాస్కెట్ (అతుకు దగ్గర బిగించే రబ్బరు వలయం) కింద మిగిలిపోయిన పాల పొరను చూసుకోక మేము ఒకసారి ట్యాంకెడు పాలు పారబోసుకున్నాం. ఆయన కూడా పేల్ ఏల్ అనే లేత రంగు బీరు రుచి తాను కోరుకున్నట్టు కుదరలేదని తొలి విడతలను ఎన్నింటినో కాలువపాలు చేశారు. బంధుమిత్రుల డబ్బుతో మొదలుపెట్టిన మనిషికి అదెంత కష్టమైన నిర్ణయమో ఊహించు. కాబట్టి విజయ రహస్యం ఏమిటని అడగకుండా, ఆ విడతల్లో ఏ తేడా కనిపించింది, బీరును పులియబెట్టే ఈస్ట్‌కు గాలి చాలలేదా, దాన్ని ఎలా పట్టుకున్నారు అని అడుగు. పనివాడికి పని గురించిన ప్రశ్న వేస్తే మాట దానంతటదే సాగుతుంది.

ఆయనను అమెరికాలో చిన్న బ్రూవరీల ఉద్యమానికి ఆద్యుడని మాత్రం పొగడవద్దు. 1965లో శాన్ ఫ్రాన్సిస్కోలోని యాంకర్ బ్రూవరీ మూతపడబోతుంటే ఫ్రిట్జ్ మేటాగ్ కొని నిలబెట్టారు. 1976లో సోనోమాలో జాక్ మెకాలిఫ్ న్యూ ఆల్బియన్ స్థాపించారు, అది 1982లో మూతపడింది. తన బ్రూవరీ 30వ ఏట, అంటే 2010లో, వీరిద్దరితోనూ కలిసి ప్రత్యేక బీర్లు చేసిన గ్రాస్‌మన్‌ గారికి ఆ పొగడ్త ఇబ్బందిగానే ఉంటుంది.

నాకు ఆసక్తిగా ఉన్న విషయం మరొకటి ఉంది. ఇంట్లో బీరు చేసుకోవడానికి ఫెడరల్ చట్టం 1979 ఫిబ్రవరి నుంచే అనుమతించింది, ఆయన మాత్రం 1976లోనే చీకోలో అందుకు కావలసిన సరుకుల దుకాణం తెరిచారు. ఆ మూడేళ్ళు ఎలా నడిపారో వీలుంటే అడుగు. బీరుకు చేదూ వాసనా ఇచ్చే కాస్కేడ్ హాప్స్ పూల గురించి, ఆ పూలను పొడిచేయకుండా పూలుగానే ఎందుకు వాడారన్న దాని గురించి నువ్వెలాగూ అడుగుతావు.

నువ్వు చేసిన బీరు ఒక్క సీసా పట్టుకెళ్ళు, కానీ ఆయన అడిగితేనే బయటికి తియ్యి. దాని మీద కాచిన తేదీ, వాడిన ఈస్ట్, హాప్స్ వివరాలు రాసి పెట్టు, బాగుందా అని కాక ఇందులో లోపమేమిటని అడుగు. ఆయన చెబుతుంటే సంజాయిషీ ఇచ్చుకోకుండా రాసుకో.

ట్యాంకులు ఎలా కడిగేవారో చెబితే ఆ భాగం మాత్రం నాకు వివరంగా రాయి.

ఇట్లు,
మీ మామయ్య