మరణశిక్ష మీద దశాబ్దాల పాటు పరిశోధన చేస్తే ఎవరికి ఉపయోగం?

అమెరికాలో ఆస్టిన్ సారాట్ అనే ప్రొఫెసర్ దశాబ్దాలుగా మరణశిక్ష మీద రాస్తూనే ఉన్నారు. దానివల్ల ఒరిగిందేంటని కొందరు అడుగుతుంటారు. చాలా ఒరిగింది. 1890 నుంచి 2010 వరకు అక్కడ అమలైన 8,776 మరణశిక్షలను ఆయన బృందం పరిశీలిస్తే, 276 సార్లు అమలు అస్తవ్యస్తమైందని తేలింది. బాధ లేకుండా ప్రాణం పోతుందని చెప్పి తెచ్చిన ఇంజెక్షన్‌లోనే అది అన్నిటికంటే ఎక్కువ, 7 శాతం పైనే. ఈ లెక్క ఏ జైలూ తనంతట తాను తీయదు.

ఆయన ఇంకో మాట కూడా అంటారు. ప్రభుత్వం మనిషిని చంపితే, ఆ ప్రభావం బయట ఉన్న మనందరి మీదా పడుతుందని. అది నిజమని నేను హైదరాబాద్‌లోనే చూశాను.

నేను జూనియర్ లాయర్‌గా ఉన్నప్పుడు ఒక హత్య కేసులో సీనియర్ వెంట సెషన్స్ కోర్టుకి వెళ్లాను. పొద్దున నేరం రుజువైందన్నారు. లంచ్ తర్వాత శిక్ష మీద వాదన. ఏమైనా చెప్పుకుంటావా అని జడ్జిగారు అడిగితే ముద్దాయి "నేను చెయ్యలేదు సార్" అన్నాడు. ఆ సమయంలో తన బతుకు గురించి చెప్పుకోవాలని అతనికి ఎవరూ చెప్పలేదు. చిన్న వయసు, ముసలి తల్లి ఉంది అని మా సీనియర్ రెండు ముక్కలు చెప్పి కూర్చున్నారు. ఆ తల్లి వరండాలో ఉంది. చేతిలో ప్లాస్టిక్ కవరు, దాంట్లో కొడుకుని చిన్నప్పుడు ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రిలో చూపించిన ఓపీ చీటీలు. "ఇవి పనికొస్తాయా బాబూ?" అని నన్నడిగింది. అప్పటికి లోపల వాదన అయిపోయింది. సాయంత్రానికి ఉరిశిక్ష వేశారు. తర్వాత హైకోర్టు దాన్ని యావజ్జీవంగా మార్చింది కానీ, అప్పటిదాకా ఆ తల్లీకొడుకులు పడింది ఎవరు తీరుస్తారు?

నేరంతో పాటు నేరస్తుడినీ చూడాలని బచన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 1980లోనే చెప్పింది. ఆ వివరాలు ట్రయల్ దశలోనే సేకరించాలని 2022లో మనోజ్ కేసులో మళ్లీ చెప్పాల్సి వచ్చింది. మన లా కాలేజీల్లో మాత్రం "అరుదైన కేసుల్లో అరుదైనది" అయితేనే ఉరి అన్న ఆ సూత్రం ఐదు మార్కుల ప్రశ్న. గాంధీ ఆసుపత్రి ఉన్నచోట ఒకప్పుడు ముషీరాబాద్ జైలు ఉండేదని, ఎమర్జెన్సీలో, 1975 డిసెంబర్ 1న, రైతాంగ ఉద్యమకారులు భూమయ్యను, కిష్టాగౌడ్‌ను అక్కడే ఉరితీశారని ఎంతమంది లా విద్యార్థులకు తెలుసు? 2019లో దిశ కేసు నిందితులను ఎన్‌కౌంటర్ చేస్తే జనం పోలీసుల మీద పూలు చల్లారు. విచారణ మొదలే కాలేదు! చంపాలనే కాల్చారని సుప్రీంకోర్టు వేసిన సిర్పుర్కర్ కమిషన్ తేల్చాక టీవీల్లో ఆ చర్చ ఎన్ని రోజులు నడిచింది?

మన దగ్గర ఈ పని ఎవరూ చేయలేదని కాదు. షామీర్‌పేటలోని నల్సార్ లా యూనివర్సిటీలో చదువుకున్న అనూప్ సురేంద్రనాథ్ నేతృత్వంలో ఢిల్లీ నేషనల్ లా యూనివర్సిటీ ఉరిశిక్ష పడ్డ ఖైదీలతో, వాళ్ల కుటుంబాలతో మాట్లాడి 2016లో నివేదిక తెచ్చింది. వాళ్లలో నాలుగింట మూడు వంతుల మంది పేదవాళ్లే.

మీరు ఎల్‌ఎల్‌ఎం చేస్తుంటే ఇదే అంశం తీసుకోండి. సుప్రీంకోర్టు తీర్పులతో మొదలుపెట్టకండి. జిల్లా కోర్టుల్లో శిక్ష మీద వాదన ఎంతసేపు జరిగింది, ముద్దాయి తరఫున ఏ కాగితం దాఖలైంది, ముందు అది రాసుకోండి.