త్వరగా ఆరేదాన్నే కొనుక్కో

తల్లీ,

షూ విప్పగానే ఇంట్లోవాళ్లు ముక్కు మూసుకుంటున్నారని నువ్వు రాసింది చదివితే ముందు నవ్వొచ్చింది, తర్వాత జాలేసింది. వార్డులో ఉద్యోగానికి చేరిన కొత్తలో నాదీ ఇదే అవస్థ. ఎవరింటికైనా వెళితే షూ విప్పాల్సి వస్తుందని వెళ్లడమే మానేశాను కొన్నాళ్లు.

ఉతుక్కుని మళ్లీ వాడుకునే ఇన్‌సోల్స్‌లో, అంటే షూ లోపల అడుగున వేసుకునే మెత్తల్లో, ఏ కంపెనీవి మంచివని అడిగావు. పేరు చెప్పేస్తే నీకు సులువే, కానీ ఇవాళ దొరికే రకం వచ్చే ఏడాది దొరకకపోవచ్చు. అందుకని ఎలా చూసి ఎంచుకోవాలో చెబుతాను. కాలు పెట్టగానే హాయిగా అనిపించిందని మాత్రం కొనేయకు. రాత్రి ఉతికితే మర్నాడు రాత్రికల్లా లోపలిదాకా ఆరిపోవాలి, అలాంటిదే కొను. ముప్పై ఏళ్లు నిలబడి ఉద్యోగం చేసినదాన్ని, నా కాళ్లకి తెలిసిన సంగతి ఇది.

ఎందుకంటావా, రెండు పాదాల్లో కలిపి సుమారు 2,50,000 చెమట గ్రంథులుంటాయి. అరచేతుల్లోనూ దట్టంగానే ఉంటాయి గానీ అక్కడి చెమట గాలికి ఆరిపోతుంది. అరికాలి చెమట సాక్సు దాటి ఇన్‌సోల్‌లోకి దిగి అక్కడే ఉండిపోతుంది. నిజానికి చెమటకి పెద్దగా వాసన ఉండదు. అందులో ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం ఉంటుంది, చర్మం మీది బ్యాక్టీరియా దాన్ని ఐసోవాలెరిక్ ఆమ్లంగా మార్చేస్తుంది. మీవాళ్లు ముక్కు మూసుకునేది ముఖ్యంగా దానికే. ఆ బ్యాక్టీరియా పెరగాలంటే వెచ్చదనం, తడి, రాలిన చర్మం కావాలి. షూలో మూడూ పుష్కలంగా దొరుకుతాయి. డ్యూటీలో ఉన్నంతసేపూ వెచ్చదనాన్ని ఏమీ చేయలేవు. తడి సంగతి మాత్రం కొంత నీ చేతిలో ఉంది.

ఇది నాకు ఎలా తెలిసొచ్చిందో చెబుతాను. మొదటిసారి మెమరీ ఫోమ్‌ది కొన్నాను. వేలితో నొక్కితే గుంటపడి మెల్లగా పైకి లేచేది, అది చూసి మురిసిపోయాను. ఒక ఆదివారం సాయంత్రం బకెట్లో నానబెట్టి, ఉతికి, కిటికీలో పెట్టాను. పొద్దున ముట్టుకుంటే పైన గుడ్డ పొడిగానే తగిలింది. షూలో వేసుకుని వెళ్లిపోయాను. పదింటికల్లా సాక్సులు తడిసిపోయాయి. లోపలి స్పాంజి తాగిన నీళ్లన్నీ నా బరువుకి పైకి ఊరాయి. మూడోరోజుకి ఉతకనప్పటికంటే ఎక్కువ కంపు! ఆ ఫోమ్ 1966లో నాసా పరిశోధనలో విమాన సీట్ల కోసం పుట్టిందని తర్వాతెప్పుడో చదివాను. కూర్చోవడానికి కనిపెట్టినదాన్ని బకెట్లో నానబెట్టానన్నమాట.

ఫోమ్ అంటే అన్నీ ఒకటి కాదు. ఈవీఏ అనే రకం ఉంది, చాలా షూలతో వచ్చేది అదే. దాని లోపలి చిన్న చిన్న గాలి గదులు మూసుకుని ఉంటాయి కాబట్టి నీళ్లు లోపలికి పెద్దగా దిగవు. దులిపి నిలబెడితే చాలు, తొందరగా ఆరుతుంది. కాకపోతే నిలబడి నిలబడి మడమ దగ్గర అణిగిపోతుంది, మళ్లీ లేవదు. పాలీయురేథేన్ ఫోమ్ అంత త్వరగా అణగదు, కానీ నీళ్లు పీలుస్తుంది, ఏళ్ల తరబడి తేమలో ఉంటే పొడిపొడిగా రాలిపోతుంది. జెల్‌ది కుళాయి కింద పెట్టి కడిగితే శుభ్రమైపోతుంది గానీ చెమట పీల్చదు, కాలు దాని మీద జారుతూ ఉంటుంది. నాకైతే అది నచ్చలేదు, మడమ నొప్పి ఉన్నవాళ్లు కొందరు ఇష్టపడతారు. తోలు, కార్క్ బాగానే ఉంటాయి, కానీ నీళ్లలో ముంచేవి కావు. తడిగుడ్డతో తుడుచుకోవాలంతే. నానితే తోలు గట్టిపడి పగులుతుంది. ఉన్ని ఫెల్ట్ చెమటని బాగా పీలుస్తుంది, వాసన కూడా తక్కువే పడుతుంది. వేడినీళ్లలో వేశావంటే మాత్రం ముడుచుకుపోయి పిల్లల సైజు అవుతుంది. బొగ్గు కలిపినవి వాసన లాగుతాయంటారు. లాగుతాయి, నిజమే. ఆ బొగ్గు రంధ్రాలు నిండేదాకా లాగుతాయి, సబ్బునీళ్లతో అవి మళ్లీ కొత్తవైపోవు. బొగ్గు ఉందన్న ఒక్క కారణంతో ఎక్కువ డబ్బు పెట్టకు.

నీ డ్యూటీకి నేనైతే పలచని ఈవీఏ మీద చెమట పీల్చే గుడ్డ కుట్టిన రకం తీసుకుంటాను. కుట్టినదో అతికించినదో అంచు దగ్గర చూడు. కేవలం జిగురుతో అతికించినవి నాలుగు ఉతుకులకే పొర లేస్తాయి. వెలుతురుకి ఎదురుగా పట్టుకో, చిల్లులు పైనుంచి కిందిదాకా ఉంటే చుక్కలు చుక్కలుగా వెలుగు కనిపిస్తుంది. చాలావాటిలో చిల్లులు పైపొరకే ఉంటాయి, అవి చూడ్డానికే. కొన్నాక ఇంట్లో ఒక నీటిచుక్క గుడ్డ మీద వేసి చూడు. చుక్క ముత్యంలా నిలబడితే చెమట కూడా అలాగే నిలబడుతుంది. సాక్సు లేకుండా వేసుకునే షూలు కూడా ఉన్నాయన్నావు. వాటికి టవల్ గుడ్డలాంటి పలచని నూలువి సరిపోతాయి, చాలావాటిని మెషిన్‌లో కూడా వేయొచ్చు. కింద రబ్బరు చుక్కలు ఉన్నవే తీసుకో, లేకపోతే నడుస్తుంటే ముందుకి జారి వేళ్ల దగ్గర ఉండ చుట్టుకుంటాయి.

పొట్లం మీద గుర్తులు చూడటం అలవాటు చేసుకో. నీళ్ల తొట్టిలో చెయ్యి బొమ్మ ఉంటే చేత్తో ఉతకాలి, అంకె ఉంటే నీళ్ల వేడి అంతకి మించకూడదు. త్రికోణాన్ని ఇంటూ గుర్తుతో కొట్టేసి ఉంటే బ్లీచింగ్ వద్దని. చదరంలో సున్నా ఉండి దాన్ని కొట్టేస్తే డ్రయ్యర్‌లో వేయకూడదని. ఏ గుర్తూ లేకుండా ‘వాషబుల్’ అని పెద్దక్షరాలతో రాసి ఉందంటే నాకు అనుమానమే.

ఇక సైజు. షూలో ముందే ఉన్న మెత్తని బయటికి తియ్యి, దాన్ని కొత్తదాని మీద పడుకోబెట్టి చుట్టూ గీత గీసి కత్తిరించు. వేళ్ల వైపే కత్తిరించాలి, మడమ వైపు ముట్టుకోవద్దు. మొదట కాస్త పెద్దగానే ఉంచి, వేసి చూసి, మళ్లీ సన్నగా కత్తిరించు. నేను ఒకసారి తొందరపడి ఒకే కోతలో కానిచ్చేశాను, ముందు భాగంలో అరంగుళం ఖాళీ మిగిలి సాయంత్రానికి వేళ్ల కింద అంచు ఒరుసుకుని పొక్కులొచ్చాయి. పాతదాని మీదే కొత్తది వేసేయడం ఇంకో పొరపాటు. మడమ పైకి లేస్తుంది, నడుస్తుంటే వెనక జారుతుంది, ముందు వేళ్లు ఇరుకవుతాయి. రెండు పొరల మధ్య తడి ఆరే దారే ఉండదు. మందం కూడా చూసుకో. 3 మిల్లీమీటర్లది మామూలు షూలో ఇమిడిపోతుంది, 6 మిల్లీమీటర్లది వేస్తే షూ ఒక సైజు చిన్నదైనట్టే ఉంటుంది. కొన్ని షూలలో లోపలి మెత్త జిగురుతో అంటించి ఉంటుంది, లాగితే చిరుగుతుంది. ఈసారి షూ కొన్నప్పుడు ముందు చెయ్యి పెట్టి అది ఊడి వస్తుందో లేదో చూడు. సాయంత్రం పూట కొను, అప్పటికి పాదాలు కాస్త ఉబ్బి ఉంటాయి. పొడవైన వేలికీ షూ కొనకీ మధ్య బొటనవేలి వెడల్పు ఖాళీ ఉండాలి, అదీ కొత్త ఇన్‌సోల్ వేసి నిలబడి చూసినప్పుడు.

రెండు జతలు కొను. ఒక్క మంచి జత కంటే ఓ మోస్తరువి రెండు జతలు మేలు. ఒక్కటే ఉంటే తడిదే వేసుకుంటావు, నేను వేసుకున్నట్టే. రెండు జతలకీ వెనక వైపు చెరగని ఇంకుతో గుర్తు పెట్టుకో. ఉదయం ఐదింటి నిద్రమత్తులో ఒక జతలో కుడిదీ ఇంకో జతలో ఎడమదీ వేసుకుని వెళ్లిన ఘనత నాది.

ఉతకడం పెద్ద పనేం కాదు. రోజూ నిలబడే ఉద్యోగం కాబట్టి వారానికోసారి చాలు. ముందు పొడిగా ఉండగానే బ్రష్‌తో దులుపు. గోరువెచ్చని నీళ్లలో కొంచెం ద్రవ సబ్బు కలిపి మెత్తటి బ్రష్‌తో మడమ కిందా వేళ్ల కిందా రుద్దు, నల్లటి అచ్చులు పడేది అక్కడే. గంటలు గంటలు నానబెట్టొద్దు, జిగురు వదులుతుంది. తర్వాత సబ్బు పోయేదాకా జాడించాలి, చాలామంది తొందరపడేది ఇక్కడే. మిగిలిపోయిన సబ్బు మర్నాడు చెమటతో కలిసి జిగటవుతుంది, మంట కూడా పెడుతుంది. బట్టల కండిషనర్ అస్సలు వద్దు. అది గుడ్డ పోగుల మీద పొరలా పట్టి, చెమట పీల్చే గుణాన్నే పోగొడుతుంది. బ్లీచింగ్ ఫోమ్‌ని తినేస్తుంది. వాసన మొండిగా ఉంటే వంటసోడా చల్లి రాత్రంతా ఉంచి పొద్దున దులిపేయొచ్చు, తోలు మీద మాత్రం చల్లకు. కొందరు నీళ్లలో వెనిగర్ కలిపి తుడుస్తారు, అదీ పనికొస్తుంది. వెనిగర్‌నీ బ్లీచింగ్‌నీ ఎప్పుడూ కలపకు, విషవాయువు వస్తుంది. నర్సువి, ఇది నీకు చెప్పక్కర్లేదు గానీ ఇంట్లో మిగతావాళ్లకి చెప్పు.

పిండొద్దు. మెలిపెట్టి పిండితే ఫోమ్ చిరుగుతుంది, ఆకారం పోతుంది. పొడి తువ్వాలు మధ్య పెట్టి పైనుంచి అరచేత్తో గట్టిగా అదుము, తువ్వాలు తడిసిపోతే ఇంకోటి తీసుకో. ఇలా రెండుసార్లు చేస్తే ఆరే సమయం చాలా తగ్గుతుంది. తర్వాత పడుకోబెట్టకుండా గోడకి ఆనించి నిలబెట్టు, రెండు వైపులా గాలి తగలాలి. నీడపట్టున, ఫ్యాన్ కిందైతే ఇంకా మంచిది. ఒకసారి హడావుడిగా మండుటెండలో పెట్టి మర్చిపోయాను. వచ్చేసరికి ఎండుటాకుల్లా వంకర తిరిగి ఉన్నాయి. హీటరు మీద, హెయిర్ డ్రయ్యర్ ముందు పెట్టినా అంతే. ఆరిందో లేదో పైన ముట్టుకుని చెప్పలేం. టిష్యూ కాగితం పెట్టి మడమ దగ్గర బొటనవేలితో గట్టిగా నొక్కు, కాగితం మీద తడి మచ్చ పడితే ఇంకా ఆరలేదు.

వారానికోసారి ఉతకడం కంటే రోజూ రాత్రి చేసే పని ఒకటి ఎక్కువ ఫలితాన్నిస్తుంది. షూ విప్పగానే ఇన్‌సోల్ బయటికి లాగి నిలబెట్టు, షూ నాలుకని బయటికి తీసి నోరు తెరిచి ఉంచు. పది సెకన్ల పని. ఇలా చేస్తే వాసన చాలావరకు అక్కడే తగ్గిపోతుంది. షూ కూడా రెండు జతలుంటే రోజు మార్చి రోజు వేసుకో, ఒక రాత్రిలో లోపలి తడి పూర్తిగా పోదు.

వేళ్ల మధ్య దురద, పొట్టు లేవడం ఉంటే అది ఫంగస్ కావచ్చు, ఇన్‌సోల్‌తో తీరే సంగతి కాదు, డాక్టరుకి చూపించుకో. ఆ ఫంగస్ గోరువెచ్చని నీళ్లకి చావదు, 60 డిగ్రీల వేడి కావాలి. అంత వేడికి చాలా ఇన్‌సోల్స్ తట్టుకోవు. కాబట్టి మందు వాడటం మొదలుపెట్టగానే పాతవాటిని మొహమాటం లేకుండా పారేసి కొత్తవి వేసుకో. సాక్సులైతే వేడినీళ్లలో ఉతకొచ్చు.

ఇంకోటి, మీ నాన్నకి కూడా ఒక జత కొంటానన్నావు. షుగర్ ఉన్న మనిషి, పాదాల్లో స్పర్శ ఎలా ఉందో ముందు పరీక్ష చేయించు. ముడతో, లేచిన కుట్టో కాలికి గుచ్చుకుంటున్నా ఆయనకి తెలియకపోవచ్చు. డాక్టరు చెప్పి ప్రత్యేకంగా చేయించినవి అయితే నీళ్లలో పెట్టే ముందు చేసినవాళ్లని అడగాలి. రోజూ వేసుకునే ముందు షూలో చెయ్యి పెట్టి తడిమి చూసుకోమను.

ఎప్పుడు పారేయాలంటే, నెలల లెక్క పెట్టుకోకు. మడమ దగ్గర బొటనవేలితో నొక్కితే తిరిగి లేవకపోయినా, పైగుడ్డ ఊడి ఉండ కడుతున్నా, ఉతికి పూర్తిగా ఆరాక కూడా వాసనొస్తున్నా దాని పని అయిపోయినట్టే. కొత్తది కొన్నప్పుడు ఒకటి పక్కన పెట్టి పాతదాని మందంతో పోల్చి చూడు, ఎంత అణిగిందో నీకే తెలుస్తుంది. పాతదాన్ని వెంటనే చెత్తలో వేయకు, కొత్తది కత్తిరించడానికి నమూనాగా పనికొస్తుంది.

రేపు డ్యూటీ నుంచి వచ్చాక కాగితం మీద నిలబడి రెండు పాదాల చుట్టూ గీత గీసి ఫొటో పంపు. రెండూ పంపు, ఒకటి కాస్త పెద్దదిగా ఉండటం మామూలే. ఇప్పుడు షూలో ఉన్న మెత్త మందం ఎంతో స్కేలుతో కొలిచి రాయి. అది తెలిస్తే 3 మిల్లీమీటర్లది తీసుకోవాలో 5 తీసుకోవాలో చెబుతాను.

మీ పెద్దమ్మ